పడవలో పడుకున్న అచ్చియ్యమ్మ

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. ఈ కథ వింటూ నిద్రపోతే తప్పేమీ లేదు. ఇది నిద్ర గురించిన కథే.

అనగా అనగా, గోదారికి ఇన్ని గట్లూ ఇన్ని వంతెనలూ లేని రోజుల్లో, రెండు పాయల నడుమ ఒక లంక ఉండేది. గువ్వలలంక అనేవారు. ఎక్కడుందని మాత్రం అడక్కండి. లంకలు కుదురుగా ఒకచోట ఉండవు. ఒక వరదకు పుడతాయి, ఇంకో వరదకు పోతాయి. గోదారి మాత్రం దాని దారిన అది పోతూనే ఉంటుంది.

ఆ లంకలో అచ్చియ్యమ్మ అని ఒక మనిషి ఉండేది. పెద్ద ఇల్లు కాదు, పెద్ద కులం కాదు, పెద్ద పేరూ కాదు. లంక నిండా బూరుగు చెట్లు. ఎండాకాలంలో కాయలు పగలకముందే కోయించి, ఎండబెట్టి, కర్రతో కొట్టి, గింజ తీసి, ఆ దూదితో తలగడలు కుట్టేది. బూరుగు దూది పని గాలి తగిలే చోట సాగదు. చిన్న గాలి వీచిందంటే పొద్దుటినించీ చేసిన పని చెట్లెక్కి కూర్చుంటుంది. అందుకని తలుపు మూసుకుని, మూతికి తడిగుడ్డ కట్టుకుని, ఉక్కలో కూర్చుని పని చేసేది. బయటికొస్తే జుట్టూ కనుబొమలూ తెల్లగా ఉండేవి. కాపరానికొచ్చిన ఏడాదే ముసలమ్మ అయిపోయిందని తోటికోడళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆమె మొగుడు చిట్టెయ్య. పడవ నడిపేవాడు. లంక నుంచి గట్టుకు, గట్టు నుంచి లంకకు. లంకలో ఎవరికి పురుడొచ్చినా, జ్వరమొచ్చినా, పెళ్ళొచ్చినా పడవ తోసే వెదురు గెడ చిట్టెయ్య వేస్తేనే కదిలేది.

ఒకనాడు సంత నుంచి జనాన్ని ఎక్కించుకుని తిరిగొస్తుంటే ఈదురుగాలి లేచింది. పడవ ఊగింది. ఊగే పడవలో కదలకుండా కూర్చోవాలి. ఆ సంగతి లంకలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ తెలియడం వేరు, కూర్చోవడం వేరు. ఎవరో ఒకరు లేచారు. ఒకరు లేస్తే ఇద్దరు లేచారు. ఇద్దరు లేస్తే అందరూ లేచారు. అందరూ ఒకే పక్కకు ఉరికారు. పడవ బోర్లాపడింది. ఈత వచ్చినవాళ్ళు గట్టు చేరారు. చిట్టెయ్యకు ఈత వచ్చు. కానీ ఈత రానివాళ్ళు అతన్ని పట్టుకున్నారు. అతను వాళ్ళను విదిలించుకోలేదు. గోదారి దాని దారిన అది పోయింది.

ఆనాటితో అచ్చియ్యమ్మకు నిద్ర పోయింది.

వింత చూడండి. ఆమె కుట్టిన తలగడల మీద గట్టు మీది ఊళ్ళన్నీ గుర్రుపెట్టి పడుకుంటున్నాయి. కుట్టిన మనిషికి మాత్రం కునుకు లేదు.

కారణం లేకపోలేదు. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, నాగులు. తండ్రి పోయాక వాడు గెడ పట్టాడు. పట్టక ఏం చేస్తాడు? లంకకు పడవ కావాలి, వాడికి ఆ పనే వచ్చు. వాడు నీళ్ళ మీదికి వెళ్ళిన ప్రతిసారీ తల్లి ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేది. తనైతే జన్మలో పడవలో కాలు పెట్టనని ఒట్టేసుకుంది. లంక దాటడం మానేసింది. కొడుకు నీళ్ళ మీద ఉండగా తన గుండె కాస్త కుదుటపడాలి. ఒక్క కునుకు పట్టాలి. ఆమెకు కావలసింది అంతే. అంతకు మించి దేవుణ్ణీ అడగలేదు, మనిషినీ అడగలేదు.

మొదట మందు వేసుకుంది. గట్టు మీది వైద్యుడు గసగసాలు నూరి పాలల్లో కలుపుకుని తాగమని కబురు పంపాడు. తాగింది. కళ్ళు మూతలు పడ్డాయి. మూతలు పడగానే చిట్టెయ్య కనపడి, "ఒసేయ్, చెయ్యందుకోవే" అన్నాడు. ఉలిక్కిపడి లేచింది. మళ్ళీ ఆ పాలు ముట్టలేదు.

తర్వాత ఆడపడుచు వచ్చింది. "ఊరందరికీ కుడతావు గదా వదినా, ఎప్పుడన్నా నీకోటి కుట్టుకున్నావా? ఆ రాయిలాంటి మూట మీద తల పెడితే నిద్రెలా వస్తాదే?" అంది. అదీ నిజమేననుకుని అచ్చియ్యమ్మ ఏరి ఏరి మంచి దూది తీసి తనకోసం ఒక తలగడ కుట్టుకుంది. తలగడ మెత్తగానే ఉంది. నిద్ర రాలేదు.

మూడోసారి ఎవరి సలహా లేకుండా సొంత తెలివి వాడింది. కొడుకు గెడ తీసుకెళ్ళి దూది కుప్పలో దాచేసింది. వాడు వెతికి వెతికి, వెదురుపొద దగ్గరికెళ్ళి ఇంకోటి కొట్టుకొచ్చుకున్నాడు.

"గెడ దాస్తే గోదారెండిపోద్దా అమ్మా?" అన్నాడు.

అచ్చియ్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

మందు పనిచెయ్యలేదు, తలగడ పనిచెయ్యలేదు, దొంగతనమూ పనిచెయ్యలేదు.

అలా ఉండగా గట్టు మీద తాటాకులతో ఒక ప్రార్థన గుడిసె వెలిసింది. దాని నెత్తిన రెండు కర్రలు కట్టిన సిలువ. అందులో ఇశ్రాయేలయ్య అని ఒక ఉపదేశి ఉండేవాడు. బక్కపలచటి మనిషి. చంకలో గొడుగు, నోట్లో దగ్గు. వారానికోసారి నాగులు పడవలో లంకకొచ్చి, ఎవరి గుమ్మంలో నీడ ఉంటే అక్కడ కూర్చుని ప్రభువు కథలు చెప్పేవాడు. వినేవాళ్ళు వినేవారు, లేచిపోయేవాళ్ళు లేచిపోయేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు.

ఒకనాడు అచ్చియ్యమ్మ గుమ్మంలోకొచ్చాడు.

"లోపలికొస్తే రండి అయ్యగారూ. తలుపు మాత్రం వేసెయ్యండి. దూది ఎగిరిపోద్ది" అంది ఆమె.

ఆయన లోపల కూర్చున్నాడు. మూడు తుమ్ములు తుమ్మాడు. కథ మొదలుపెట్టాడు. ఆమె తన మానాన తను దూది కొట్టుకుంటోంది. ఎవరి కథలు ఎవరికి కావాలి?

"పగలంతా జనంతో మాట్లాడి మాట్లాడి ప్రభువు అలిసిపోయాడమ్మా. పొద్దు వాలాక శిష్యుల్ని తీసుకుని పడవెక్కాడు..."

పడవ అన్న మాట వినగానే ఆమె చేతిలో కర్ర ఆగింది.

"నడినీళ్ళలోకి వెళ్ళేసరికి పెద్ద గాలి లేచింది. అలలు పడవలో పడుతున్నాయి."

"పడవ నిండిందా అయ్యగారూ?"

"నిండిపోతోందమ్మా."

"జనం లేచారా?"

"గగ్గోలు పెట్టారు."

"మరి ఆయనేం చేశాడు?"

"ఆయన పడవ వెనక భాగంలో, తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు."

"తలగడా?" అంది అచ్చియ్యమ్మ.

సరిగ్గా అప్పుడే రేవులోంచి నాగులు కేకేశాడు. "అయ్యగారోయ్! గాలి తిరుగుతోందండీ! వస్తే ఇప్పుడే రండి!"

ఇశ్రాయేలయ్య గొడుగు అందుకుని లేచాడు. "మిగతాది వచ్చేవారం చెప్తానమ్మా" అంటూ పరిగెత్తాడు. ఆ మాట ఆమె చెవిన పడలేదు. ఆమె ఇంకా తలగడ దగ్గరే ఉంది.

వచ్చేవారం ఆయన రాలేదు. చలిజ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గేసరికి వానలు పట్టుకున్నాయి. వానలు తగ్గేసరికి మళ్ళీ జ్వరం. కథలో మిగతా సగం గట్టు మీద మంచానపడి ఉంది. అచ్చియ్యమ్మకేమో కథకు మిగతా సగం ఉందనే తెలియదు. కథ అంతేననుకుంది. గాలి లేచింది, పడవ నిండింది, ప్రభువు నిద్రపోయాడు. అయిపోయింది.

అరకొర వైద్యం ప్రాణం మీదికి తెస్తుంది. అరకొర కథ ఏం చేస్తుందో వినండి.

ఆమె కూర్చుని ఆలోచించింది. ముందు ఆ తలగడ గురించి ఆలోచించింది. ఎవరు కుట్టారో దాన్ని. ఎవరో నాలాంటిదే కుట్టుంటుంది, అందులో ఏం దూది పెట్టిందో ఏమో, అంత గాలిలోనూ నిద్ర పట్టిందంటే మంచి దూదే అయ్యుంటుంది అనుకుంది. తర్వాత పడుకున్నాయన గురించి ఆలోచించింది. అందరూ అరుస్తుంటే ఆయనెందుకు పడుకున్నాడు? పడవ మునగదని తెలిసైనా పడుకోవాలి. లేకపోతే మునిగినా తనవాళ్ళు తన చెయ్యి దాటిపోరని తెలిసైనా పడుకోవాలి. రెంటిలో ఏదైనా సరే, నాకు చాలు అనుకుంది.

అనుకుని ఇంకోమాట కూడా అనుకుంది. పగలంతా జనం కోసం తిరిగి అలిసిపోయాడంట, పాపం.

ఆమె చేసిన మొదటి ప్రార్థన ఇదీ: "పడుకో నాయనా."

ఆ మాట అని, దూది కుప్పకు చేరగిలబడింది. పట్టపగలు, తలుపు మూసి ఉండగా, కొడుకు నీళ్ళ మీద ఉండగా, నిద్రపోయింది. నాగులు ఇంటికొచ్చి చూసి తల్లి చచ్చిపోయిందనుకుని లంకంతా వినపడేలా గగ్గోలు పెట్టాడు. జనం పోగయ్యారు. ఆమె కళ్ళు నులుముకుని లేచి, "ఎవరు పోయారర్రా?" అని అడిగింది.

మర్నాడు ఆమె తనకోసం కుట్టుకున్న తలగడను తీసుకెళ్ళి రేవులో కొడుకు చేతికిచ్చింది. తను పడవకు దూరంగానే నిలబడింది.

"దీన్ని వెనకపక్క పెట్టు. నువ్వు తల పెట్టకు. ఇది నీక్కాదు."

"మరెవరికమ్మా?"

"పడుకునేవాళ్ళకి."

నాగులు సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ తల్లి నిద్రపోతోంది. అది చాలు వాడికి. పడవెక్కినవాళ్ళెవరైనా ఆ తలగడ మీద కూర్చోబోతే, "అది ఖాళీ కాదండీ" అనేవాడు. జనం పకపకా నవ్వేవారు. "ఏరా నాగులూ, మీ దేవుడింకా లేవలేదా?" అని వేళాకోళం ఆడేవారు. నవ్వినవాళ్ళెవరూ దాని మీద మాత్రం కూర్చోలేదు.

కొన్నాళ్ళకు గాలి లేచింది. నాగులు పడవ నడిగోదారిలో ఉంది. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "అచ్చియ్యమ్మా, గాలి చూశావా! మీ దేవుణ్ణి పిలవ్వే!" అన్నారు. అచ్చియ్యమ్మ గోదారి వైపు చూసింది. "ఆయన పడవలోనే ఉన్నాడు. పడుకోనీ" అంది. పొద్దువాలే వేళకు పడవ రేవు చేరింది.

ఇంకొన్నాళ్ళకు నిప్పురవ్వ పడి దూది కుప్ప అంటుకుంది. బూరుగు దూది కాలడమంటే చూస్తుండగానే అయిపోతుంది. ఏడాది కష్టం పోయింది. ఆడపడుచు వచ్చి గుండెలు బాదుకుంది. "ఇంత జరిగితే నీ దేవుడు చూస్తా ఊరుకున్నాడా వదినా!" అంది. అచ్చియ్యమ్మ బూడిద ఊడ్చింది. ఊడుస్తూ ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, "పడుకోనీ" అంది. ఆ వేళ కూడా నిద్రపోయింది.

నిద్రపట్టిందంటే కష్టాలు పోయాయని కాదు. కష్టాలు వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఆమె వాటి పక్కనే పడుకుంటోంది.

చివరికి ఇశ్రాయేలయ్యకు జ్వరం వదిలింది. ఇంకాస్త బక్కచిక్కి లంకకొచ్చాడు. తలుపు వేసుకుని, తుమ్మి, మిగతా సగం చెప్పాడు.

"శిష్యులు ఆయన్ని లేపారమ్మా. మేం చచ్చిపోతున్నాం, నీకు పట్టదా అన్నారు."

"లేపారా!" అచ్చియ్యమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "అలిసిపోయి పడుకున్నాయన్ని లేపారా? ఎంత పని చేశారండీ!"

"లేపబట్టే గదమ్మా, ఆయన గాలిని గద్దించాడు. గాలి ఆగింది. నీళ్ళు నిమ్మళించాయి."

"గాలినొక్కదాన్నే కోప్పడ్డాడా?"

ఇశ్రాయేలయ్య మొహమాటపడ్డాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "శిష్యుల్ని కూడా అన్నాడులే. ఎందుకంత భయపడ్డారు, ఇంకా నమ్మకం కుదరలేదా అన్నాడు."

"చూశారా మరి! నేనైతే లేపను."

ఆయన నవ్వేశాడు. నవ్వు ఆపి, ఆమె మొహంలోకి చూసి, "అంత నమ్మకం కుదిరితే గట్టుకు రావమ్మా. పాదిరిగారొస్తున్నారు. బాప్తిస్మం తీసుకుందువు గాని" అన్నాడు.

ఆమె మొహం మాడిపోయింది. "నేను పడవెక్కనండి. ఆయనా, మా నాగులూ ఎక్కితే చాలు. నేను ఇక్కడే పడుకుంటాను."

ఇశ్రాయేలయ్య గొడుగు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆయన నిద్రపోయింది పడవలోనమ్మా. గట్టు మీద కాదు" అన్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. నిజమే గదా. కొడుకునూ ప్రభువునూ నీళ్ళ మీదికి పంపి తను పొడినేల మీద నిద్రపోతోంది. ఆమె మూడుసార్లు రేవు దాకా వెళ్ళింది. మొదటిసారి ఇసుక దాకా. రెండోసారి చీలమండలు తడిసేదాకా. మూడోసారి పడవ అంచు మీద చెయ్యి వేసింది. చెయ్యి వెయ్యగానే చిట్టెయ్య కళ్ళలో మెదిలాడు. మూడుసార్లూ ఇంటికొచ్చేసింది. నిద్రొచ్చింది గానీ కాలు రాలేదు.

ఆ మరుసటి ఏడాది గోదారి ఎర్రబడింది.

ఎర్రనీళ్ళు ఏటా వస్తాయి. ఆ ఏడు వచ్చినవి ఆగలేదు. రేవు మునిగింది, జొన్నచేను మునిగింది, బూరుగు చెట్ల మొదళ్ళు మునిగాయి. పగలే చీకట్లు కమ్ముకొచ్చి గాలి మొదలైంది. లంకకు ఉన్నది ఒకటే పడవ. ఇశ్రాయేలయ్య కూడా గట్టు నుంచి అదే పడవలో వచ్చి, పిల్లల్నీ ముసలివాళ్ళనూ చెయ్యందించి ఎక్కిస్తున్నాడు.

మొదటి దఫా పిల్లల తల్లులు వెళ్ళారు. అచ్చియ్యమ్మ వెనక్కి జరిగింది. రెండో దఫా ముసలివాళ్ళూ మేకలూ వెళ్ళాయి. అచ్చియ్యమ్మ ఇంకాస్త వెనక్కి జరిగింది. మూడో దఫా మిగిలినవాళ్ళందరూ ఎక్కారు. ఇక వెనక్కి జరగడానికి నేల లేదు. నడుముల్లోతు నీళ్ళున్నాయి.

"ఎక్కమ్మా" అన్నాడు నాగులు.

"మీరెళ్ళండిరా. నేను అటకెక్కి కూర్చుంటాను."

"నువ్వెక్కకపోతే నేను గెడ వెయ్యను."

"ఒరే, అంతమందిని పెట్టుకుని ఆ మాటలేంట్రా?"

"వెయ్యను" అన్నాడు నాగులు. తండ్రి కొడుకే వాడు. ఒక్కర్ని కూడా విదిలించుకోడు.

పడవలో జనం తిట్టడం మొదలుపెట్టారు. ఇశ్రాయేలయ్య మాత్రం చెయ్యి చాపాడు. "అచ్చియ్యమ్మా, ఆయన ఎక్కడున్నాడు?" అని అడిగాడు.

ఆమె పడవ వెనకపక్క ఉన్న తలగడ వైపు చూసింది. "పడవలో" అంది. అంటూనే ఆ చెయ్యి పట్టుకుని కాలు లోపల పెట్టింది. నాగులు గెడ వేశాడు.

నడిగోదారిలోకి వెళ్ళారు. గాలి హోరెత్తింది. కొట్టుకొస్తున్న చెట్టు మొద్దొకటి పడవ పక్కను గుద్దింది. నీళ్ళు లోపలికి పడ్డాయి. జనం కేకలు పెట్టారు. ఎవరో ఒకరు లేచారు. ఒకరు లేస్తే ఇద్దరు లేచారు. ఇద్దరు లేస్తే...

ఆగండి. ఇక్కడే చూడాలి.

ఇశ్రాయేలయ్య కూడా లేచాడు. చేతులు పైకెత్తి, "ప్రభువా, లెమ్ము! ప్రభువా, లెమ్ము!" అని అరుస్తున్నాడు. ఆయన మంచివాడే. మంచివాళ్ళు లేచినా పడవ ఒరుగుతుంది. "అచ్చియ్యమ్మా, నువ్వన్నా లేపవే నీ దేవుణ్ణి! నీ మాటైతే వింటాడు!" అని జనం కేకలు.

ఆమెకు భయం వేసిందా అంటే, వేసింది. ఎదురుగా చిట్టెయ్య పోయిన గోదారి. గెడ పట్టుకుని కొడుకు. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలిస్తే తప్పేముంది? అందరూ పిలుస్తూనే ఉన్నారు.

ఆమె పిలవలేదు. వెనకపక్క ఉన్న తలగడను రెండు చేతులా తీసుకుని, పడవ మధ్యలో, జనం కాళ్ళ నడుమ, నీళ్ళలోనే పెట్టింది. "కాస్త జరుగు నాయనా" అంది. పక్కలో పసివాడున్న తల్లి ఎంత ఒద్దికగా వాలుతుందో అంత ఒద్దికగా తలగడ అంచున తల పెట్టి, పడవ పొడుగునా కాళ్ళు చాపుకుని పడుకుంది. కళ్ళు మూసుకుంది.

పడుకున్న మనిషిని దాటకూడదు. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్లల్ని దాటితే ఎదగరు, పెద్దల్ని దాటితే పాపం. ఆ పక్కన లేచినవాళ్ళు ఈ పక్కకు ఉరకాలంటే అచ్చియ్యమ్మను దాటాలి. ఎత్తిన కాళ్ళు ఎత్తినచోటే ఆగాయి. ప్రాణం పోయేలా ఉన్నా కాలికి అలవాటు పోదు గదా. దాటలేక, నిలబడలేక, ఒక్కొక్కరే కూర్చున్నారు. ఈ పక్కవాళ్ళు ఈ పక్క, ఆ పక్కవాళ్ళు ఆ పక్క. ఇశ్రాయేలయ్య ఒక్కడే నిలబడి కిందికి చూశాడు. నీళ్ళు ఆమె చెవిదాకా వచ్చాయి. పెదాలు కదులుతున్నాయి. వంగి విన్నాడు.

"పడుకోనీ" అంటోంది.

ఆయన చేతులు దించాడు. ఆమె తల దగ్గర చతికిలబడి, దోసిళ్ళతో నీళ్ళు తోడి బయట పోయడం మొదలుపెట్టాడు. అది చూసి పక్కవాడు తలపాగా విప్పి ముంచి పిండాడు. ఇంకొకతె కుండతో తోడింది. అందరూ కూర్చునే తోడారు. ఎవరూ అరవలేదు. పక్కన మనిషి పడుకుని ఉంటే ఎలా అరుస్తారు?

గాలి ఆగిందని కొందరు చెబుతారు. నేను విన్నంతవరకు ఆగలేదు. తెల్లబట్టలాయన ఒకడు పడవ వెనక కూర్చుని కనిపించాడని ఇంకొందరు చెబుతారు. దూదికి నీళ్ళ మీద తేలే గుణముంది కాబట్టి తలగడే పడవను మోసిందని కొందరు తెలివైనవాళ్ళు చెబుతారు. అంత పడవను ఒక్క తలగడ ఎక్కడ మోస్తుంది? నాగులును అడిగితే మాత్రం ఒకటే చెప్పేవాడు. గాలి అలాగే ఉంది, గోదారి అలాగే ఉంది, మనుషులే నిమ్మళించారు అని.

పడవ కొట్టుకుపోయి కొట్టుకుపోయి ఎక్కడో కింద, ఊరూపేరూ తెలియని కొబ్బరితోటలో ఆగింది. అందరూ దిగారు. ఒక్కరు కూడా తక్కువ కాలేదు. నాగులు తల్లి భుజం పట్టి కుదిపాడు.

"అప్పుడే లేపావేంట్రా?" అంది.

ఆమె నిజంగా నిద్రపోయిందా, కళ్ళు మూసుకుని ఊరుకుందా అని తర్వాత చాలామంది వాదించుకున్నారు. నాగులు గురక విన్నానన్నాడు. కన్నకొడుకు మాట కాదనడానికి మనమెవరం?

వరద తీశాక చూస్తే గువ్వలలంక లేదు. గోదారి కోసుకుపోయింది. లంకవాళ్ళంతా గట్టు మీద, ప్రార్థన గుడిసె పక్కన గుడిసెలేసుకున్నారు. పాదిరిగారొచ్చినప్పుడు అచ్చియ్యమ్మ బాప్తిస్మానికి నిలబడింది. గోదారిలో దిగడానికి ఈసారి వెనకాడలేదు. ఆయన ఆమెను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు, నువ్వు నమ్మిందేమిటో చెప్పమ్మా అని. నేర్పిన జవాబు ఒకటుంది. ఆమె అది మరిచిపోయింది.

"ఆయన పక్కన కాస్త చోటుందండి" అంది.

పాదిరిగారు ఇశ్రాయేలయ్య వైపు చూశాడు. ఇశ్రాయేలయ్య తల ఊపాడు. ఆమెను నీళ్ళలో ముంచి లేపారు. ఏదో కొత్త పేరు పెట్టారట గానీ అది ఎవరికీ నోరు తిరగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. తలగడలు కుట్టింది. పడవెక్కి సంతకూ వెళ్ళింది, పెళ్ళిళ్ళకూ వెళ్ళింది. చివరికి ఒక ఎండాకాలం, తలుపు మూసుకుని దూది కొడుతూ కొడుతూ, దూదిలోనే ఒరిగిపోయింది. ఈసారి నాగులు గగ్గోలు పెట్టలేదు. తల్లి మొహం మీది దూదిపింజలు ఏరి, పక్కన కూర్చున్నాడు. గుంట దగ్గర ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి, "పడుకోనీయండి" అన్నాడు. అన్నవాడు తనే వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి పోతే ఎవరికి ఏడుపు రాదు?

అలా వెళ్ళిపోయింది అచ్చియ్యమ్మ. కథ గట్టెక్కింది, ఇక కాళ్ళు తుడుచుకోండి. కానీ లేవకముందు ఇంకొక్కమాట వినండి.

ఆ గట్టు మీద ఇప్పటికీ ఒక ఆచారముంది. పడవలో ఉండగా గాలి లేస్తే అందరికంటే పెద్దావిడ ముందు పడుకుంటుంది. మిగతావాళ్ళు కూర్చుంటారు. పడవలోనే కాదు, ఇళ్ళలోనూ అంతే. అన్నదమ్ములు కత్తులదాకా వచ్చినా, ఇంట్లో జబ్బు మనిషి చెయ్యి దాటిపోతున్నా, చేను మునిగినా, అందరూ లేచి నిలబడి అరుచుకుంటుంటే, ఎవరో ఒక ముసలామె నడింట్లో చాప పరుచుకుని పడుకుని ప్రభువును తలుచుకుంటుంది. ఆమెను దాటలేక అందరూ కూర్చుంటారు. కూర్చున్నాక చెయ్యాల్సిన పని కనపడుతుంది.

అందుకే అక్కడ కష్టమొచ్చినప్పుడు "ఇప్పుడేం చేద్దాం?" అని ఎవరూ అడగరు. "ఎవరు పడుకుంటారు?" అని అడుగుతారు.